ఎకో ఫ్రెండ్లీ ట్రిప్పు అంటే వెదురు బ్రష్షేనా? బరంపురం వైపు వచ్చేవాళ్ల అపోహలు – వాస్తవాలు

ఒడిశాలోని బరంపురంలో ఉంటూ, గోపాల్‌పూర్ బీచ్, చిలికా సరస్సు, తప్తపాణి వేడినీళ్ల బుగ్గ, దారింగబాడి కొండలు చూడ్డానికి వచ్చే కుటుంబాలకు బండి, బస, పడవ కుదిర్చిపెట్టడం నా పని. వచ్చేవాళ్లలో ఎక్కువమంది శ్రీకాకుళం, విశాఖ, హైదరాబాద్ వాళ్లే. ఈమధ్య చాలామంది "ఎకో ఫ్రెండ్లీగా ప్లాన్ చెయ్యండి" అని అడుగుతున్నారు. సంతోషమే. కాకపోతే వాళ్ల మనసులో ఉండేది వెదురు బ్రష్షు, గుడ్డ సంచి, "ఎకో" అని బోర్డు పెట్టిన రిసార్టు. ఎలా వస్తారు, ఇక్కడికొచ్చాక ఎంత తిరుగుతారు అన్నదాని ముందు అవన్నీ చిన్న విషయాలు.

అపోహ: రైలైతే కాలుష్యం సున్నా, సొంత కారైతే తప్పే.

విశాఖ నుంచి బరంపురం దాదాపు 275 కిలోమీటర్లు. లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే పెట్రోల్ కారుకు 18 లీటర్ల పైనే పడుతుంది. లీటరు పెట్రోల్ కాలితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది కాబట్టి ఒకవైపుకే 42 కిలోలు. ఒక్కరే వస్తే అదంతా ఆయన ఖాతాలోనే. ఐదుగురు వస్తే మనిషికి ఎనిమిదిన్నర కిలోలు. రైలు సంగతికొస్తే, హౌరా–చెన్నై లైను కరెంటు మీదే నడుస్తుంది. మన దేశంలో కరెంటు ఎక్కువగా బొగ్గుతో తయారయ్యేదే కనుక సున్నా అని నేను చెప్పను. అయినా వందలమంది కలిసి వెళ్లే రైల్లో తలా ఒక్కరికి పడే వాటా, ఒకరిద్దరు కూర్చున్న కారుతో పోలిస్తే చాలా తక్కువ. అందుకే ఇద్దరు ముగ్గురైతే రైలెక్కమంటాను. ఫలక్‌నుమా, ఈస్ట్ కోస్ట్, కోణార్క్, విశాఖ ఎక్స్‌ప్రెస్‌లు ఇక్కడ ఆగుతాయి (బుకింగ్‌లో బ్రహ్మపూర్ అని వెతకాలి). కారు నిండా మనుషులుంటే మాత్రం అంత బెంగపడక్కర్లేదు.

హైదరాబాద్ నుంచి భువనేశ్వర్‌కి విమానంలో వచ్చి, అక్కడినుంచి టాక్సీలో బరంపురం వచ్చేవాళ్లున్నారు. విమానం పైకి లేచేటప్పుడే ఇంధనం బాగా తాగుతుంది. దూరం తక్కువైన కొద్దీ కిలోమీటరుకు పడే భారం ఎక్కువ. దాని మీద మళ్లీ 170 కిలోమీటర్ల రోడ్డు. రాత్రి రైల్లో పడుకుని వస్తే ఒక రాత్రి హోటల్ ఖర్చు కూడా మిగులుతుంది.

అపోహ: రెండు రోజుల్లో అన్నీ చుట్టేస్తే డీజిల్ కలిసొస్తుంది.

మ్యాపు చూడండి. బరంపురం నుంచి గోపాల్‌పూర్ 16 కిలోమీటర్లు, సముద్రం వైపు. తప్తపాణి 50, పడమర కొండల్లో. దారింగబాడి 120 పైమాటే, చివర్న ఘాట్ రోడ్డు. చిలికా ఉత్తరాన. అన్నీ ఒకే దారిలో లేవు. సముద్రమో, కొండో ఒకటే పెట్టుకుని, ఒకే చోట మకాం వేయండి. గోపాల్‌పూర్‌కి బస్సులు, షేర్ ఆటోలు ఉన్నాయి. చిలికాలో పడవలెక్కే బర్కుల్ వెళ్లాలంటే రైల్లో బాలుగావ్‌లో దిగి ఆటో ఎక్కితే చాలు. ఆ లైనులో రైలు కిటికీలోంచే చిలికా కనిపిస్తుంది.

అపోహ: డాల్ఫిన్‌ని దగ్గరగా చూపించేవాడే మంచి పడవవాడు.

నన్ను ఎక్కువ చికాకు పెట్టేది ఇదే. చిలికాలో ఉండేవి ఇరావడీ డాల్ఫిన్లు. శబ్దాన్ని బట్టే దారి, తిండి వెతుక్కుంటాయి. ఐదారు మోటారు పడవలు ఒక్కదాని చుట్టూ మూగితే దానికి ఊపిరాడనట్టే. ఇంజన్ ఫ్యాన్ తగిలి గాయాలూ అవుతాయి. తప్పు పడవవాడిదే అనుకోవద్దు. "ఇంకో రెండొందలిస్తాం, దగ్గరికి పోనీ బాబూ" అనేది మనవాళ్లే. దూరంగా ఇంజన్ ఆపించి కూర్చోండి, కనిపిస్తే కనిపిస్తుంది, లేకపోతే లేదు. ప్రపంచంలో ముఖ్యమైన చిత్తడి నేలల జాబితా రామ్‌సర్‌లోకి చిలికా 1981లోనే ఎక్కింది. ఉప్పునీటి రాక తగ్గి పాడైపోతుంటే 1993లో ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల్లో చేర్చారు. 2000లో సముద్రంలోకి కొత్త ముఖద్వారం తవ్వాక కోలుకుని, 2002లో ఆ జాబితాలోంచి బయటపడింది. అంత కష్టపడి నిలబెట్టిన నీళ్లలో మన సరదా కోసం రేసులు పెట్టించడం నాకు నచ్చదు.

పక్షుల కోసమైతే శీతాకాలంలో చిలికా ఒడ్డునున్న మంగళాజోడి వెళ్లండి. అక్కడ పడవల్ని గడకర్రతో తోస్తారు, ఇంజన్ ఉండదు. ఒకప్పుడు పక్షుల్ని వేటాడినవాళ్లే ఇప్పుడు గైడ్లు. ఏ పక్షి ఎక్కడ దాక్కుంటుందో వాళ్లకి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.

అపోహ: తాబేలు పిల్లల్ని చేత్తో తీసి సముద్రంలో వదిలితే పుణ్యం.

రుషికుల్యా నది సముద్రంలో కలిసే చోట ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఎక్కువగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో వేలకు వేలు వచ్చి గుడ్లు పెడతాయి. ఒక్కో గూట్లో వంద దాకా గుడ్లు. నెలన్నర, రెండు నెలల్లో పిల్లలు రాత్రిపూట బయటికొచ్చి, వెలుతురు ఎక్కువున్న వైపు నడుస్తాయి. మామూలుగా అది సముద్రం మీది ఆకాశం. మన ఫోన్ టార్చ్, బైకు లైటు పడితే అటు తిరిగి ఊరివైపు పోతాయి, కుక్కల పాలవుతాయి. వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్న జీవి కాబట్టి అనుమతి లేకుండా ముట్టుకోవడం నేరం కూడా. చూడాలనుంటే అటవీ శాఖ వాళ్లని, ఆ పక్కనున్న పురునాబంధ ఊరి కుర్రాళ్లని అడిగి, వాళ్లు చూపించిన దారిలో, లైటు లేకుండా వెళ్లండి. ఇసుక మీదికి బండి ఎక్కించొద్దు, గూళ్లు కిందే ఉంటాయి.

అపోహ: సముద్రం పక్కనే తింటున్నాం, చేప ఇక్కడిదే.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరబోట్ల వేట నిషేధం. ఆ రోజుల్లో ప్లేట్లో పెద్ద చేప కనిపిస్తే అది చెరువుదో, ఐసు పెట్టెలో ఎక్కడినుంచో వచ్చిందో అయ్యుంటుంది. తాబేళ్ల కోసం రుషికుల్యా దగ్గర నవంబర్ నుంచి మే దాకా మరో నిషేధం ఉంది. గోపాల్‌పూర్‌లో వేటకెళ్లేవాళ్లలో చాలామంది తెలుగువాళ్లే, పొద్దున్నే ఒడ్డుకెళ్లి "ఏం పడింది అన్నా?" అని అడిగితే చాలు. ఏది పడితే అది వండించుకోండి. వంజరమే కావాలని పట్టుబట్టకండి.

అపోహ: "కంపోస్టబుల్" అని రాసుంటే పారేసినా పర్లేదు.

అలా రాసిన కప్పులు, ప్లేట్ల ప్లాస్టిక్ కుళ్లాలంటే ప్రత్యేకమైన కంపోస్టు ప్లాంటు వేడి కావాలి. దారింగబాడి పైన్ చెట్ల కింద పడేస్తే ఎన్నాళ్లైనా అలాగే ఉంటుంది. మనకి అడ్డాకు విస్తరి ఉందిగా. టిఫిన్ దుకాణంలో ఆకులో పెట్టమనండి. నీళ్లకి ఇంటి స్టీలు బాటిల్ తెచ్చుకుని హోటల్ క్యాన్‌లో నింపుకోండి.

ఇక "ఎకో" బోర్డు రిసార్టు. బుక్ చేసేముందు ఫోన్లో మూడు విషయాలు అడగండి: మురుగునీరు ఎక్కడికి పోతుంది, జనరేటర్ రోజుకు ఎన్ని గంటలు నడుస్తుంది, పనివాళ్లు ఏ ఊరివాళ్లు. "మేనేజర్‌తో మాట్లాడి చెప్తాం సార్" అంటే, ఆ బోర్డు కోసం అదనంగా డబ్బు కట్టకండి.