రోమకూపంలోని మూలకణాలు

కాలిన గాయం మరీ లోతుగా లేకపోతే, కొత్త చర్మం దాని అంచుల నుంచి మాత్రమే పాకదు. మధ్యలో మిగిలిన రోమకూపాల చుట్టూ కూడా మొలుస్తుంది. చర్మం అతికించాల్సి వచ్చినప్పుడు వైద్యులు కొన్నిసార్లు తల మీది నుంచి పలుచని పొర తీసుకుంటారు. రోమకూపాలు దట్టంగా ఉన్న ఆ చోటు త్వరగా మానుతుంది, జుట్టూ మళ్లీ వస్తుంది.

ఈ శక్తినిచ్చేవి మూలకణాలు, అంటే తమలాంటివాటినీ ఇతర రకాల కణాలనూ పుట్టించగల కణాలు. అవి వెంట్రుక అడుగున, కణాలు వేగంగా విభజన చెందే కుదురులో ఉంటాయని ఒకప్పుడు భావించేవారు. 1990లో అమెరికాలో జార్జ్ కోట్సరెలిస్, టుంగ్-టియన్ సన్, రాబర్ట్ లావ్కర్ ఎలుకల చర్మకణాల డీఎన్ఏకు రేడియోధార్మిక గుర్తు పెట్టి చూశారు. కణం విభజన చెందినకొద్దీ ఆ గుర్తు పలచబడుతుంది. కొన్ని వారాల తర్వాత కుదురులో గుర్తు మిగలలేదు. వెంట్రుకను నిక్కబొడిపించే చిన్న కండరం అతుక్కునే చోట, పైభాగంలోని ఉబ్బులో మాత్రం నిలిచింది. అక్కడి కణాలు చాలా అరుదుగా విభజన చెందుతున్నాయన్నమాట! నన్ను అన్నిటికన్నా ఆకట్టుకునేది ఆ నిదానమే. విభజన జరిగే ప్రతిసారీ డీఎన్ఏలో పొరపాటు దొర్లే ప్రమాదం ఉంది కదా.

తల వెంట్రుక కొన్నేళ్లు పెరిగి, కొన్ని వారాల్లో కుంచించుకుపోయి, సుమారు మూడు నెలలు విశ్రాంతి తీసుకుంటుంది. ఆ తర్వాత కింది నుంచి రసాయన సంకేతాలు అందితే మూలకణాలు మేల్కొని కొత్త వెంట్రుకకు కావలసిన కణాలను పుట్టిస్తాయి.

చర్మం పైపొర రోజూ కొత్తబడుతూనే ఉంటుంది. ఆ పనిలో ఈ ఉబ్బు కణాలు పాల్గొనవని 2005లో ఎలుకల్లో తేలింది. గాయమైతే మాత్రం కొద్ది రోజుల్లోనే పైకి చేరి చర్మకణాలుగా మారతాయి. గాయం మానాక వాటి సంతతిలో ఎక్కువ భాగం క్రమంగా కనుమరుగవుతుంది. ఇవి ఆపత్కాలానికే వస్తాయి. జుట్టు గురించిన ఆరాటంలో ఈ సంగతికి దక్కాల్సినంత ప్రాధాన్యం దక్కడం లేదని నా అభిప్రాయం.

ఇక బట్టతల మాట. పురుషుల్లో సాధారణంగా వచ్చే బట్టతలలో కుదుళ్లు చచ్చిపోయాయనుకుంటాం. 2011లో కోట్సరెలిస్ బృందం పరిశీలించినప్పుడు అక్కడ మూలకణాలు దాదాపు అలాగే ఉన్నాయి. తగ్గినవి, వాటి నుంచి పుట్టి వెంట్రుకను తయారుచేసే తరువాతి దశ కణాలు. లోపం ఎక్కడుందో తెలిసినా, ఆ మూలకణాలను తిరిగి పనిలోకి దింపే నమ్మకమైన చికిత్స ఇంకా చేతికి రాలేదు. ప్రకటనలు చూసి డబ్బు పోసేవారు ఇది గమనించాలి.

మచ్చపడే రకం జుట్టు రాలడం వేరు. అందులో వాపు ఆ ఉబ్బునే దెబ్బతీస్తుంది. మూలకణాలు నశిస్తే ఆ కూపంలో వెంట్రుక మళ్లీ రాదు. తలమీద మంట, నొప్పి, ఎరుపుతో పాటు జుట్టు ఊడుతుంటే నూనెలు మార్చి చూస్తూ కాలం గడపకుండా చర్మవైద్యులను కలవాలి.