ఒక కాలికే కడియం

చిరంజీవులు శ్రావ్యకు, వినయ్‌కు,

అమ్మమ్మ ఆశీస్సులు. మీరు సెలవులు ముగించుకుని వెళ్లి ఇరవై రోజులు దాటింది. మీరు రోజూ లెక్కపెట్టిన అరటి గెల నిన్ననే కోయించాను.

మీరు ఇక్కడ ఉండగా ఒక రాత్రి పది దాటాక ఆరోగ్య శాఖ వాళ్లు ఇంటికి వచ్చారు, గుర్తుందా? అరుగు మీద కూర్చోబెట్టి, వేలు దూదితో తుడిచి, సూదితో పొడిచి, మూడు చుక్కల రక్తం గాజు పలక మీదికి తీసుకున్నారు. వినయ్ చేతులు వెనక్కి దాచుకుని, "నాకు జ్వరం లేదు కదా, నాకెందుకు?" అన్నాడు. శ్రావ్యేమో, "పగలు రాకూడదా, నిద్ర లేపి మరీ ఎందుకు?" అని విసుక్కుంది. రెండూ అడగవలసిన ప్రశ్నలే. అది బోదకాలు జబ్బు కోసం చేసే పరీక్ష. ఫోనులో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను.

ముందు మీ తాతమ్మ గురించి, అంటే మా అమ్మ గురించి చెప్పాలి. పెళ్లినాడు ఆమె రెండు కాళ్లకూ వెండి కడియాలు పెట్టారట. నాకు ఊహ తెలిసేసరికి కుడికాలికే కడియం ఉండేది. ఎడమకాలు వాచి కడియం ఒరుసుకుపోతుంటే, కంసాలి వచ్చి దాన్ని కోసి తీశాడు. ఆ రెండు ముక్కలూ ఇప్పటికీ మన ట్రంకుపెట్టెలో, పసుపు గుడ్డ మూటలో ఉన్నాయి. మోకాలి కింది నుంచి పాదం వరకు కాలు స్తంభంలా ఉండేది. చర్మం మందమై, మడమ దగ్గర మడతలు పడేది. దాన్నే బోదకాలు అంటారు. రోజూ సాయంత్రం ఆ కాలు సబ్బుతో కడిగి, వేళ్ల సందుల్లో చెమ్మ లేకుండా పాత చీర ముక్కతో అద్దడం నా పని. మడతలో చిన్న పగులు కనబడితే నా గుండె జారిపోయేది. ఆ పగులు చీము పడితే రెండు రోజుల్లో గజ్జలో బిళ్ల కట్టి, వణికిస్తూ చలిజ్వరం వచ్చేది. నాలుగు దుప్పట్లు కప్పినా మంచం కదిలేది.

ఆ జ్వరం సరిగ్గా ఊడ్పుల రోజుల్లో వచ్చిందంటే కూలి డబ్బులు పోయినట్టే. అమ్మ పడుకుంటే పొయ్యి దగ్గరికి మా అక్క వెళ్లాలి. అలా వెళ్లివెళ్లి అక్క ఏడో తరగతితో బడి మానేసింది. తరువాత సంబంధాలు వచ్చినప్పుడు, "ఆ ఇంట్లో బోదకాలు ఉందట" అని ఇద్దరు వెనక్కి పోయారు. అది తల్లి నుంచి బిడ్డకు వంశంలో వచ్చే జబ్బు కాదని ఎవరికీ తెలియదు. మన లంకల నీళ్లు తాగితే వస్తుందనీ కొందరు చెప్పేవారు. అక్క కాలికి ఏ జబ్బూ లేదు. అయినా ఆ జబ్బు ఆమె చదువును తీసుకుపోయింది. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ నాకు కడుపు రగులుతుంది.

అసలు సంగతి ఇది. దారప్పోగు లాంటి సన్నని పురుగులు ఒంట్లోని శోషరస నాళాల్లో, అంటే రక్తనాళాల్లాగే ఒళ్లంతా ఉండి ఊట నీటిని మోసే సన్నని గొట్టాల్లో చేరి, అయిదారేళ్లో, అంతకన్నా ఎక్కువో బతుకుతాయి. అవి పెట్టే పిల్లలు, కంటికి కనబడనంత చిన్నవి, రక్తంలో తిరుగుతాయి. వాటిని ఒకరి నుంచి మరొకరికి మోసేది క్యూలెక్స్ దోమ. ఈ దోమ కుట్టేది రాత్రిపూట. చిత్రమేమిటంటే ఆ పిల్ల పురుగులకు కూడా వేళ తెలుసు. పగలంతా ఊపిరితిత్తుల రక్తనాళాల్లో దాక్కుని, రాత్రి పది దాటాక చర్మం దగ్గరి నాళాల్లోకి వస్తాయి. పగలు తీసిన చుక్కలో అవి సాధారణంగా దొరకవు. శ్రావ్యా, నిన్ను నిద్ర లేపింది అందుకే. భయపడకండి, ఒకటి రెండు కాట్లతో వచ్చే జబ్బు కాదు ఇది. నెలల తరబడి, ఏళ్ల తరబడి కుట్టించుకుంటేనే పట్టుకుంటుంది. చాలామందికి చిన్నతనంలో అంటుకుని, పెద్దయ్యాక బయటపడుతుంది.

ఇక వినయ్ ప్రశ్న. చాలా ఏళ్ల క్రితం ఇలాగే రాత్రిపూట రక్తం తీసినప్పుడు, మన వీధిలో కొబ్బరి దింపు తీసే ఒక మనిషి పలకలో పురుగులు కనబడ్డాయి. ఊళ్లో అంత బలమైనవాడు లేడు. పొద్దెక్కేలోపు చెట్టు తరువాత చెట్టు ఎక్కి దిగేవాడు. కాలు వాపు లేదు, ఒక్కనాడు జ్వరం లేదు. "నాకేమిటి, రాయిలా ఉన్నాను" అని నమ్మలేదు పాపం. కానీ ఆయన్ను కుట్టిన దోమ రెండు వారాల తరువాత పక్కింటి పసిబిడ్డను కుడితే, ఆయన రక్తంలోని పురుగు ఆ బిడ్డకు చేరవచ్చు. ఆయన తప్పేమీ లేదు, ఆయనకు తెలియదు కూడా. బాగున్నవాళ్ల రక్తం కూడా చూడాలనేది ఇందుకే నాన్నా.

మన గోదావరి డెల్టాలో ఏ ఊరి నీళ్లూ ఆ ఊరివి కావు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నాటి నుంచీ ఒకే కాలువ ఊరి తరువాత ఊరికి నీళ్లిస్తోంది. వేసవిలో కాలువలు కట్టేసే ముందు మంచినీళ్ల చెరువులు నింపుకుంటాం కదా, పై ఊరివాళ్లు కాలువలో ఏది కలిపితే అది కింది ఊరి చెరువులోకి వస్తుంది. ఆరోగ్యం కూడా నాకు అలాంటి నీళ్లలాగే కనిపిస్తుంది. నా ఇంటి వరకు గట్టు కట్టుకుంటానంటే కుదరదు.

ఈ జబ్బుకు మందు ఉంది. ఆ మందు సంగతి చెప్పేటప్పుడు నాకు ఎంత గర్వమో! వశిష్ఠ గోదావరి పాయ దాటితే వచ్చే భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు 1923లో అమెరికా వెళ్లారు. అక్కడ లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నాయకత్వంలో బయటికి వచ్చిన మందుల్లో డైఇథైల్ కార్బమజైన్ ఒకటి. మనవాళ్లు డి.ఇ.సి. మాత్ర అంటారు. 1948లో ఆయన అక్కడే కన్నుమూశారు, మళ్లీ ఈ నేల మీద అడుగుపెట్టలేదు. బోదకాళ్ల సీమలో పుట్టిన మనిషి చేతి మందు ఆ సీమకే తిరిగి వచ్చింది. పెరిగిపోయిన కాలును అది మామూలు చేయలేదు. మీ తాతమ్మకు చేయలేదు కూడా. రక్తంలోని పిల్ల పురుగులను చంపుతుంది, దోమకు మోయడానికి ఏమీ మిగలకుండా చేస్తుంది.

2004 నుంచి ఈ జబ్బున్న జిల్లాల్లో ఏడాదికి ఒకసారి అందరికీ ఆ మాత్రలు మింగించే కార్యక్రమం దేశమంతటా మొదలైంది. రెండేళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు, జబ్బుతో మంచం పట్టినవాళ్లకు మినహాయింపు. మొత్తం జనాభాలో నూటికి కనీసం 65 మంది, వరుసగా అయిదేళ్లయినా మింగితే గానీ పురుగు రాకపోకలు ఆగవని లెక్క. మాత్ర వేసుకున్నాక కొందరికి తల తిరిగింది, కొద్దిగా జ్వరం వచ్చింది. లోపలి పురుగులు చస్తున్నప్పుడు అలా జరుగుతుంది. అది చూసి బెదిరి మాత్రలను కొంగుకు కట్టుకుని తరువాత పారేసినవాళ్లు ఉన్నారు. వాళ్లను తిట్టలేను. ఎదురుగా కూర్చుని, మజ్జిగ తాగించి, విషయం చెప్పే మనిషి ఉంటే మింగేవారు. మన వీధిలో ఆ పని నేను చేశాను. అన్నం తిన్నారా అని అడిగి, నా చేత్తో నీళ్ల గ్లాసు ఇచ్చి, మింగేవరకు అక్కడే నిలబడేదాన్ని.

దోమ పుట్టే చోటు మీద కూడా కన్ను వేయాలి. క్యూలెక్స్‌కు మురుగే ఇష్టం. గుర్రపుడెక్క అడ్డుపడి కదలని మురుగు కాలువ, మూత సరిగా లేని మరుగుదొడ్డి గుంత దానికి పుట్టిళ్లు. ఆ గుంత గాలి గొట్టం నుంచే సాయంత్రాలు దోమలు గుంపులుగా బయటికి వస్తాయి. గొట్టం మూతికి సన్నటి వల కడితే లోపలివి లోపలే ఉంటాయి.

మీ పలకల ఫలితాలు మొన్న వచ్చాయి. ఇద్దరికీ ఏమీ లేదు. నాకూ లేదు. పెరటి గొట్టానికి కట్టిన వల మాత్రం గాలివానకు చిరిగింది. సంక్రాంతికి వచ్చేటప్పుడు నాన్నతో చెప్పి మూరెడు నైలాన్ వల తెప్పించండి. నిచ్చెన నేను పట్టుకుంటాను, వినయ్ ఎక్కి కడతాడు. ట్రంకుపెట్టె తాళం కూడా తీసి ఉంచుతాను, ఆ కడియం ముక్కలు మీ చేతుల్లో పెట్టి చూపించాలి.

ప్రేమతో,
మీ అమ్మమ్మ