బాంబు వద్దంటే దేశద్రోహమా? అణు నిరాయుధీకరణపై అపోహలు, వాస్తవాలు

తిరుపతిలో డిగ్రీ పిల్లలకు రాజనీతిశాస్త్రం చెబుతాను. ఏటా ఆగస్టు 6న, హిరోషిమా మీద బాంబు పడిన రోజున, క్లాసులో డిబేట్ పెడతాం. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు. పోయినసారి పలమనేరు అమ్మాయి లేచి "అణుబాంబు ఏ దేశం దగ్గరా ఉండకూడదు" అందో లేదో, వెనక బెంచీ నుంచి ఒకబ్బాయి "పాకిస్తాన్‌కి పోయి చెప్పుకో" అని అరిచాడు. ఆ పిల్ల చేతిలో నాలుగు మడతల కాగితం వణికింది. రెండు నిమిషాలు మిగిలుండగానే కూర్చుండిపోయింది. ఆ రెండు నిమిషాలు నన్నింకా బాధపెడుతున్నాయి.

అపోహ: నిరాయుధీకరణ కావాలనేవాళ్లు దేశద్రోహులు, తీవ్రవాదులు.

వాస్తవం: 1954 ఏప్రిల్‌లో అణు పరీక్షలు ఆపాలని పార్లమెంటులో కోరింది నెహ్రూ. 2010 కల్లా అణ్వాయుధాలే లేకుండా చేద్దామని 1988 జూన్‌లో ఐక్యరాజ్యసమితి ముందు ప్రణాళిక పెట్టింది రాజీవ్ గాంధీ. 1998లో పోఖ్రాన్ పరీక్షలు జరిపిన వాజ్‌పేయి ప్రభుత్వమే 2003 జనవరిలో అణు విధానం ప్రకటించింది. అందులో మొదట మనం ప్రయోగించం అన్న మాటతో పాటు, అణ్వాయుధాలు లేని ప్రపంచమే లక్ష్యం అనీ ఉంది. అంటే ఆ అమ్మాయి చెప్పబోయింది మన దేశం అధికారికంగా చెప్పే మాటే. అమెరికా సంగతి చూసినా, కమ్యూనిజం అంటే అస్సలు గిట్టని అధ్యక్షుడు రీగనే 1987లో సోవియట్ నేత గోర్బచేవ్‌తో అణు క్షిపణుల ఒప్పందం చేసుకున్నాడు. దానివల్ల 2,692 క్షిపణులు ధ్వంసమయ్యాయి. ఆయన్ను దేశద్రోహి అందామా?

అపోహ: ఎన్‌పీటీ (అణ్వాయుధాల వ్యాప్తిని అడ్డుకునే అంతర్జాతీయ ఒప్పందం) మీద సంతకం పెట్టలేదంటే మనం నిరాయుధీకరణకు వ్యతిరేకమే.

వాస్తవం: 1967 జనవరి 1కి ముందు బాంబు పేల్చిన దేశాలనే ఆ ఒప్పందం అణ్వాయుధ దేశాలుగా ఒప్పుకుంటుంది. అలాంటివి ఐదు. వాళ్లకొక న్యాయం, మిగతావాళ్లకొక న్యాయం ఏమిటన్నదే మన అభ్యంతరం.

అపోహ: ఉగ్రవాదులు ఇంటర్నెట్ చూసి అణుబాంబు చేసేస్తారు.

వాస్తవం: 1995లో టోక్యో మెట్రోలో సారిన్ విషవాయువు వదిలిన ఓమ్ షిన్రిక్యో ముఠా దగ్గర బోలెడు డబ్బుంది, సైన్స్ చదివిన మనుషులున్నారు. అణుబాంబు కోసమూ ప్రయత్నించారు, చేతకాలేదు. బాగా శుద్ధి చేసిన యురేనియమో, ప్లుటోనియమో దొరకడమే అసలు కష్టం. అందుకే ఆ సరుకును కాపాడటం, తగ్గించడం కూడా నిరాయుధీకరణలో భాగం. రష్యా బాంబుల్లోంచి తీసిన 500 టన్నుల యురేనియంను పలచన చేసి, 2013 దాకా అమెరికా కరెంటు ప్లాంట్లలో వాడారు. పిల్లలకు ఇది చెప్పినప్పుడు క్లాసంతా ఒక్కసారి నిశ్శబ్దమైపోతుంది.

అపోహ: చేతికొచ్చిన బాంబును ఎవరూ వదులుకోరు.

వాస్తవం: దక్షిణాఫ్రికా తాను చేసుకున్న ఆరు బాంబులనూ విప్పేసి, 1993లో ఆ సంగతి లోకానికి చెప్పింది. 1980ల నడుమ ప్రపంచంలో దాదాపు 70,000 అణుబాంబులు (వార్‌హెడ్లు) ఉండేవి, ఇప్పుడు సుమారు 12,000. అయితే ఉక్రెయిన్ మాటా దాచకూడదు. సరిహద్దులను గౌరవిస్తామని 1994లో రష్యా సహా పెద్ద దేశాలు మాటిస్తే, తన నేల మీదున్న సోవియట్ బాంబులను అప్పగించేసింది. 2014లో ఒకసారి, 2022లో మరోసారి రష్యా సైన్యం లోపలికొచ్చింది. ఇది చాలా గట్టి వాదన. వెనక బెంచీ అబ్బాయి అరవకుండా ఈ ప్రశ్న అడిగుంటే మా డిబేట్ బ్రహ్మాండంగా నడిచేది.

ఈ ఆగస్టుకు అతనికి ఉక్రెయిన్ వాదనే ఇచ్చాను. కానీ అంతకుముందు ఆ అమ్మాయి మూడు నిమిషాలూ మాట్లాడుతుంది, అతను నోట్సు రాసుకోవాలి.