కీళ్ళవాతం ఉన్నవారి కళ్ళు, థైరాయిడ్: అపోహలు - వాస్తవాలు

రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ అనే కీళ్ళవాతంతో మా దగ్గరికి వచ్చేవారిలో చాలామంది కీళ్ళ ఫైలు ఒక్కటే తెస్తారు. కంటి డాక్టరు రాసిన చీటీ, థైరాయిడ్ రిపోర్టు ఇంట్లో వేరే కవర్లలో ఉండిపోతాయి. కన్ను సంగతి కంటి డాక్టరుకు, నీరసం సంగతి థైరాయిడ్ చూసే డాక్టరుకు చెబితే సరిపోతుందని వారి నమ్మకం. శ్రీకాకుళం నుంచో పాడేరు నుంచో తెల్లవారుజామున బయలుదేరి వచ్చి, వేళ్ళ వాపు ఒక్కటీ చూపించుకుని మళ్ళీ బస్సెక్కేవారిని తప్పుపట్టలేం, ఎందుకంటే కన్ను గురించి, మెడలోని థైరాయిడ్ గురించి అడగవలసిన బాధ్యత మాది. శరీరాన్ని కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థ తన కణజాలం మీదే దాడికి దిగడం ఈ జబ్బుకు మూలం. కీళ్ళ లోపలి పొరను వాచేలా చేసే ఆ దాడి కంటి తెల్లగుడ్డును, కన్నీటి గ్రంథులను కూడా తాకవచ్చు. అటువంటి మరో దాడి వల్లనే దెబ్బతినే థైరాయిడ్ గ్రంథి సమస్యలు కూడా ఈ రోగులలో మామూలు జనం కంటే ఎక్కువగా కనబడతాయి. కీళ్ళు శాంతించాయంటే జబ్బు శాంతించిందని అనుకోవడం ఒక పొరపాటు, ఒంట్లోని ప్రతి బాధనూ కీళ్ళవాతం ఖాతాలో వేయడం రెండో పొరపాటు. ఓపీలో మేము వినే అపోహలు ఎక్కువగా ఈ రెండింటి నుంచే పుడతాయి.

అపోహ: కన్ను ఎర్రబడితే అది కళ్ళకలకే, చుక్కలు వేస్తే తగ్గిపోతుంది.

వాస్తవం: కళ్ళకలకలో పుసులు కడతాయి, ఉదయం రెప్పలు అతుక్కుపోతాయి, ఇసుక పడినట్టు గరగరలాడుతుంది, తరచుగా ఒక కంటి నుంచి రెండో కంటికి, ఒకరి నుంచి ఇంట్లో మరొకరికి పాకుతుంది. కీళ్ళవాతం ఉన్నవారి కన్ను ఎర్రబడినప్పుడు మేము భయపడేది వేరే దానికి. తెల్లగుడ్డు లోతుపొరకు వాపు వస్తే దాన్ని స్క్లెరైటిస్ అంటారు. అందులో పుసులు ఉండవు, నొప్పి ఉంటుంది. ఆ నొప్పి కంట్లో ఆగకుండా కనుబొమకు, కణతకు, ఒక్కోసారి దవడ దాకా తొలిచినట్టు పాకుతుంది, అర్ధరాత్రి దాటాక నిద్రలోంచి లేపుతుంది, రెప్ప మీద వేలితో మెల్లగా నొక్కినా ఓర్చుకోలేనంతగా ఉంటుంది. తెల్లగుడ్డు పైపొరకు మాత్రమే వచ్చే ఎపిస్క్లెరైటిస్ ఇంత బాధపెట్టదు, సాధారణంగా కొద్ది వారాలలో తనంతట తానే సర్దుకుంటుంది.

ఈ రెండింటినీ వేరుచేయడానికి మేము ముందుగా చేసే పని చాలా చిన్నది. గదిలోని ట్యూబులైటు కింద కాకుండా రోగిని కిటికీ దగ్గర నిలబెట్టి, కిందికి చూడమని చెప్పి, పైరెప్పను ఎత్తి పట్టుకుంటాం. పైపొర వాపు పగటి వెలుగులో నిగనిగలాడే ఎరుపుగా కనబడుతుంది, లోతుపొర వాపులో ఆ ఎరుపు కింద నీలం కలిసిన ఛాయ ఉంటుంది. ట్యూబులైటు కింద ఆ ఛాయ సులభంగా తప్పిపోతుంది. ఆ తరువాత కంటి డాక్టరు రక్తనాళాలను కుదించే ఫినైల్‌ఎఫ్రిన్ చుక్క వేసి కొద్ది నిమిషాలు ఆగి చూస్తారు. పైపొర రక్తనాళాలు ఆ చుక్కకు తెల్లబడతాయి, లోతుపొరవి తెల్లబడవు.

ఇలాంటి కంటికి మందుల షాపులో అడిగి తెచ్చుకున్న స్టెరాయిడ్ చుక్కలు రెండు విధాలుగా హాని చేస్తాయి. ఎరుపు కొంత తగ్గినట్టు కనబడి లోపలి వాపు కొనసాగుతుంది. అసలు కారణం హెర్పిస్ వైరస్ పుండు అయితే అది మరింత వ్యాపిస్తుంది. నందివర్ధనం పూలు పెట్టుకోవడం, ఆముదం చుక్క వేసుకోవడం ఉత్తరాంధ్ర ఇళ్ళలో ఇప్పటికీ ఉంది. చల్లదనం హాయిగా ఉంటుందనడంలో సందేహం లేదు గాని, స్క్లెరైటిస్‌కు చుక్కలే చాలనప్పుడు పూలు ఏం చేయగలవు? దానికి నోటి ద్వారా వాపు తగ్గించే మందులు, అవసరమైతే స్టెరాయిడ్లు, రోగనిరోధక దాడిని అణిచే మెథోట్రెక్సేట్, తీవ్రమైన సందర్భాలలో రిటుక్సిమాబ్ లేదా సైక్లోఫాస్ఫమైడ్ వంటివి కావాలి. మన దేశంలో ఆ మందులు మొదలుపెట్టే ముందు క్షయ లేదని చూసుకోవడం కూడా తప్పనిసరి.

శరీరమంతటికీ సంబంధించిన జబ్బులలో స్క్లెరైటిస్‌తో అందరికంటే ఎక్కువగా ముడిపడినది రుమటాయిడ్ ఆర్థ్రైటిస్‌నే. నల్లగుడ్డు అంచున పుండు పడి ఆ పొర కరిగిపోవడం మొదలైతే, లేదా తెల్లగుడ్డు కణజాలమే చనిపోవడం మొదలైతే, శరీరంలో మరెక్కడైనా రక్తనాళాలకు వాపు వచ్చిందేమోనని వెతకాలి, ఎందుకంటే అటువంటి వాపుకు వైద్యం అందకపోతే పోయేది చూపు మాత్రమే కాదు, ప్రాణం కూడా. చాలా ఏళ్ళుగా జబ్బు ఉండి, ఆర్‌ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ అనే రక్తపరీక్షలు పాజిటివ్‌గా ఉన్నవారిలో ఇది ఎక్కువ. ఆ సమయానికి కీళ్ళు పెద్దగా నొప్పి పెట్టకపోవచ్చు, కాబట్టి కీళ్ళు బాగున్నాయి గదా అని ఆగకండి. కీళ్ళవాతం ఉండి, కన్ను ఎర్రబడి, లోతుగా నొప్పి పెడుతూ ఉంటే, లేదా వెలుతురు చూడలేకపోయినా చూపు మందగించినా అదే రోజు కంటి డాక్టరు చూడాలి. అది విశాఖలోని ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి కావచ్చు, హనుమంతవాక దగ్గరి ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి కావచ్చు, మీ ఊళ్ళోనే ఉన్న నేత్ర వైద్యులు కావచ్చు. అక్కడికి వెళ్ళగానే “నాకు కీళ్ళవాతం ఉంది, ఫలానా మందులు వాడుతున్నాను” అని మొదటి మాటగా చెప్పండి.

అపోహ: నొప్పి లేకపోతే కంటికి ప్రమాదం లేదు.

వాస్తవం: ఏళ్ళ తరబడి రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ ఉన్నవారిలో, ముఖ్యంగా పెద్దవయసు స్త్రీలలో, తెల్లగుడ్డు నొప్పి లేకుండానే పలచబడే స్థితి ఒకటుంది. తెల్లటి భాగంలో నీలంగానో నల్లగానో ఒక మచ్చ కనబడుతుంది. అది పైన ఏర్పడిన మచ్చ కాదు, పలచబడిన గోడలోంచి లోపలి పొర కనబడుతున్నదన్నమాట. అటువంటి కంటికి చిన్న దెబ్బ తగిలినా చిరిగిపోవచ్చు. పిల్లలలో వచ్చే కీళ్ళవాతం వేరే జబ్బే అయినా ఇక్కడ చెప్పక తప్పదు: అందులో కంటి లోపల వచ్చే యువియైటిస్ అనే వాపు కన్ను ఎర్రబడకుండా, నొప్పి లేకుండా చూపును తినేస్తుంది. అందుకే ఆ పిల్లలకు బాధ ఉన్నా లేకపోయినా, ముప్పు ఎక్కువగా ఉన్నవారికైతే 3 నెలలకోసారి, సన్నని కాంతిరేఖతో కంటి లోపల చూసే స్లిట్ ల్యాంప్ పరీక్ష చేయిస్తాం.

అపోహ: సముద్రం పక్కనే ఉండేవాళ్ళకు కళ్ళు పొడిబారవు, కన్నీళ్ళు కారుతుంటే అది పొడిబారడం కానే కాదు.

వాస్తవం: గాలిలో తేమ ఉన్నంత మాత్రాన కన్నీటి గ్రంథి పనిచేయదు. కీళ్ళవాతంలో అన్నిటికంటే తరచుగా కనబడే కంటి సమస్య పొడిబారడమే, దానితోపాటు నోరు కూడా ఎండిపోతుంటే రోగనిరోధక వ్యవస్థ కన్నీటి, లాలాజల గ్రంథులపై దాడి చేసే షోగ్రెన్స్ సిండ్రోమ్ గురించి ఆలోచిస్తాం. స్వీడన్‌కు చెందిన కంటి వైద్యుడు హెన్రిక్ షోగ్రెన్ 1933లోనే కళ్ళు, నోరు ఎండిపోవడాన్నీ కీళ్ళ జబ్బునూ కలిపి వివరించారు. కంటి మీద నిలవవలసిన కన్నీటి పొర చెదిరిపోయినప్పుడు కన్ను మండుతుంది, ఆ మంటకు ప్రతిస్పందనగా ఒక్కసారిగా నీరు కారుతుంది, కాబట్టి నీరు కారడం పొడిబారడానికి లక్షణం కూడా కావచ్చు. పరీక్ష సులభమైనదే. సన్నని కాగితపు పట్టీ కొసను వంచి కింది రెప్ప బయటి వైపున తగిలించి 5 నిమిషాలు ఉంచుతారు. తడి 5 మిల్లీమీటర్లు కూడా దాటకపోతే కన్ను బాగా పొడిబారినట్టు. రోజుకు నాలుగుసార్ల కంటే ఎక్కువ చుక్కలు అవసరమయ్యేవారు ప్రిజర్వేటివ్ లేనివి వాడాలి. అలర్జీ మాత్రలు, నిద్ర కోసం ఇచ్చే కొన్ని మాత్రలు కళ్ళను మరింత పొడిబరుస్తాయి కాబట్టి వాటి పేర్లు కూడా డాక్టరుకు చెప్పండి.

అపోహ: హైడ్రాక్సీక్లోరోక్విన్ అనే కీళ్ళవాతం మాత్ర వాడితే చూపు పోతుంది.

వాస్తవం: ఈ మాట విని మాత్ర మానేసి, వేళ్ళు వంకరపోయాక తిరిగి వచ్చినవారిని చూసినప్పుడు మనసుకు కష్టంగా ఉంటుంది. ఈ మందు కంటి లోపలి తెర అయిన రెటీనాకు హాని చేయగలదన్నది నిజం. అది ఎంత మోతాదులో, ఎన్నేళ్ళు వాడారు, మూత్రపిండాలు ఎలా ఉన్నాయి అన్న వాటి మీద ఆధారపడుతుంది. రోజుకు శరీర బరువులో కిలోకు 5 మిల్లీగ్రాములు మించకూడదు. 50 కిలోల మనిషికి రోజుకు 250 మిల్లీగ్రాములు పరిమితి అయితే, 200 మిల్లీగ్రాముల మాత్రలు రోజూ రెండు వేసుకోవడం ఆ పరిమితిని బాగా దాటినట్టే. మన దగ్గర సన్నగా ఉండే ఆడవారికి ఈ లెక్క చూడకుండా రెండేసి మాత్రలు సాగిపోవడం నేను తరచుగా సరిదిద్దవలసి వస్తోంది. మోతాదు సరిగ్గా ఉన్నప్పుడు మొదటి 5 ఏళ్ళలో రెటీనా దెబ్బతినే అవకాశం నూటికి ఒకటి కంటే తక్కువ, 10 ఏళ్ళ వరకూ నూటికి రెండు లోపే.

మందు మొదలుపెట్టిన ఏడాదిలోగా ఒకసారి, 5 ఏళ్ళు దాటాక ఏటా రెటీనా పరీక్ష చేయించుకోవాలి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, రొమ్ము క్యాన్సర్ మందు టామోక్సిఫెన్ వాడేవారు అంతవరకు ఆగకూడదు. చూపు అక్షరాల పట్టిక పరీక్ష ఇందుకు పనికిరాదు, ఎందుకంటే ఆ పట్టికలో తేడా కనబడేసరికి జరిగిన నష్టం తిరిగిరాదు. రెటీనా పొరలను చూపే ఓసీటీ స్కాన్, చూపు పరిధిని కొలిచే విజువల్ ఫీల్డ్ పరీక్ష అడగండి. ఆసియా వాసులలో ఈ నష్టం రెటీనా నడిమిభాగానికి కాస్త అవతల మొదలయ్యే అవకాశం ఎక్కువ, కాబట్టి మధ్యభాగం ఒక్కటే చూసి పంపితే చాలదు.

అపోహ: కీళ్ళవాతం ఉన్నవారికి నీరసం, ఒళ్ళునొప్పులు, చేతులు తిమ్మిర్లు మామూలే, వాతం మందు పెంచితే పోతాయి.

వాస్తవం: ఇది రోగుల అపోహ మాత్రమే కాదు, మా వృత్తిలో కూడా ఉంది. ఈ రోగులలో థైరాయిడ్ మందగించడం ఎక్కువ, దాని లక్షణాలు కీళ్ళవాతం లక్షణాలతో కలిసిపోతాయి. రెండింటిలోనూ నీరసం ఉంటుంది, రెండింటిలోనూ మణికట్టు దగ్గర నరం నొక్కుకుని రాత్రిళ్ళు చేతులు తిమ్మిరెక్కుతాయి, రెండింటిలోనూ పొద్దున్నే ఒళ్ళు బిగుసుకుపోతుంది. తేడా ఎక్కడుందంటే, కీళ్ళవాతం ముదిరినప్పుడు వేళ్ళ మొదళ్ళు వాచి, నొక్కితే మెత్తగా ఉంటాయి, ఒంట్లోని వాపును చూపే రక్తపరీక్షలు ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ పెరుగుతాయి. థైరాయిడ్ తక్కువైనప్పుడు నొప్పి కండరాలలో ఉంటుంది, ముఖం ఉబ్బుతుంది, గొంతు బొంగురుపోతుంది, మలబద్ధకం వస్తుంది, చలి ఎక్కువనిపిస్తుంది, రక్తంలో సీపీకే అనే కండరాల ఎంజైము పెరగవచ్చు.

అనుమానం వచ్చినప్పుడు రోగిని కుర్చీ మీద మోకాళ్ళు ఆనించి, పాదాలు వెనక్కి వేలాడేలా నిలబెట్టి, మడమ వెనక కండర బంధనం (టెండన్) మీద సుత్తితో చిన్నగా కొడతాను. పాదం చటుక్కున వెనక్కి కదులుతుంది. థైరాయిడ్ బాగా తగ్గిన మనిషిలో అది తిరిగి మామూలు స్థానానికి రావడంలో ఆలస్యం కంటికి తెలుస్తుంది, పక్కన నిలబడ్డ కుటుంబసభ్యులు కూడా గమనిస్తారు. నిర్ధారణ మాత్రం థైరాయిడ్‌ను ప్రేరేపించే హార్మోన్‌ను కొలిచే టీఎస్‌హెచ్ పరీక్షతోనే. కీళ్ళ వాపు లేకుండా నీరసం కొనసాగుతున్నప్పుడు మెథోట్రెక్సేట్ మోతాదు పెంచే ముందు ఈ ఒక్క రక్తపరీక్ష చేయించాలన్నది నా గట్టి అభిప్రాయం. థైరాయిడ్ తక్కువైతే కొలెస్ట్రాల్ పెరుగుతుంది, కీళ్ళవాతం ఇప్పటికే గుండెకు ముప్పు తెచ్చేదే, కాబట్టి రెండూ కలిసిన మనిషిని ఇంకా జాగ్రత్తగా చూడాలి.

అపోహ: థైరాయిడ్ మాత్ర మొదలుపెట్టాం గనుక కీళ్ళ మందు మానేయవచ్చు.

వాస్తవం: రెండూ పక్కపక్కనే ఉండే వేర్వేరు జబ్బులు. థైరాయిడ్ మాత్ర (థైరాక్సిన్) కీళ్ళ లోపలి వాపును ఆపదు. అలాగే థైరాయిడ్ మీద దాడిని సూచించే యాంటీ టీపీఓ పరీక్ష పాజిటివ్ వచ్చి టీఎస్‌హెచ్ మామూలుగా ఉంటే సాధారణంగా మాత్ర అవసరం లేదు, ఏటా పరీక్ష చాలు. గర్భం కోరుకునేవారి విషయం వేరు, వారు ముందుగానే డాక్టరుతో మాట్లాడాలి.

అపోహ: మందులన్నీ ఉదయాన్నే ఒకేసారి మింగేస్తే మరిచిపోకుండా ఉంటాం.

వాస్తవం: స్టెరాయిడ్లు వాడేవారికి ఎముకల కోసం కాల్షియం, రక్తం తక్కువైనవారికి ఐరన్ ఇస్తాం. అవి థైరాక్సిన్‌ను పేగులలోనే పట్టేసి ఒంటికి అందనివ్వవు. థైరాయిడ్ మాత్ర పరగడుపున నీళ్ళతో వేసుకుని, కాఫీకి, టిఫినుకు అరగంట నుంచి గంట ఆగి, కాల్షియం, ఐరన్ కనీసం 4 గంటల తరువాత తీసుకోవాలి. మోతాదు మార్చాక టీఎస్‌హెచ్ 6 నుంచి 8 వారాలకు చూడాలి, అంతకు ముందు చూస్తే ఆ అంకె తప్పుదారి పట్టిస్తుంది.

తప్పుదారి పట్టించేది ఇంకొకటుంది. మెథోట్రెక్సేట్ వల్ల గాని థైరాయిడ్ వల్ల గాని జుట్టు రాలితే చాలామంది ఎవరినీ అడగకుండా బయోటిన్ మాత్రలు మొదలుపెడతారు. అనేక ల్యాబుల్లో వాడే పరీక్ష పద్ధతిలో ఎక్కువ మోతాదు బయోటిన్ టీఎస్‌హెచ్‌ను ఉన్నదానికంటే తక్కువగా, థైరాయిడ్ హార్మోన్ అయిన టీ4ను ఎక్కువగా చూపిస్తుంది. ఆ రిపోర్టు నమ్మి థైరాక్సిన్ తగ్గిస్తే నీరసం మళ్ళీ మొదటికి వస్తుంది. రక్తం ఇవ్వడానికి కనీసం 2 రోజుల ముందు బయోటిన్ ఆపి, ల్యాబులోనూ ఆ సంగతి చెప్పండి.

అపోహ: కన్ను ముందుకు పొడుచుకు రావడం కూడా వాతమే.

వాస్తవం: కనుగుడ్లు ముందుకు వచ్చి, పైరెప్పలు పైకి లాగినట్టుండి, ఒకటి రెండుగా కనబడుతుంటే అది చాలావరకు థైరాయిడ్ అతిగా పనిచేసే గ్రేవ్స్ జబ్బుకు సంబంధించిన థైరాయిడ్ కంటి సమస్య. అప్పటికి టీఎస్‌హెచ్ మామూలుగా ఉన్నా ఇది రావచ్చు. పొగ తాగడం దీన్ని తీవ్రం చేస్తుంది, థైరాయిడ్‌కు ఇచ్చే రేడియో అయోడిన్ వైద్యం కొందరిలో పెంచుతుంది, అందుచేత ఆ వైద్యానికి ముందు కళ్ళ పరీక్ష జరగాలి. థైరాయిడ్ ఎక్కువైనవారికి ఇచ్చే కార్బిమజోల్ అరుదుగా తెల్ల రక్తకణాలను ప్రమాదకరంగా తగ్గిస్తుంది, మెథోట్రెక్సేట్ కూడా అదే పని చేయగలదు. రెండూ వాడుతున్నవారికి జ్వరం, గొంతునొప్పి, నోట్లో పుండ్లు వస్తే వాతావరణం మారిందనుకుని పారాసిటమాల్‌తో సరిపెట్టుకోకూడదు. ఆ పూటే రెండు మందులూ ఆపి, రక్తకణాల పరీక్ష చేయించుకుని, రిపోర్టు డాక్టరు చూసి చెప్పేవరకు తదుపరి మోతాదు వేసుకోకండి.