బండ్ట్ పాన్‌ని లోపలి వైపు చూసి కొనండి: అపోహలు - వాస్తవాలు

బండ్ట్ పాన్ అంటే నడుమ గొట్టం, చుట్టూ గాడుల డిజైన్ ఉండే కేక్ పాత్ర. పోయిన నెల నా బేకింగ్ క్లాసుకు వచ్చే ఒకావిడ గులాబీ ఆకారపు బండ్ట్ పాన్ తెచ్చి చేతిలో పెట్టారు. ఇంట్లో మూడుసార్లు కేక్ చేస్తే మూడుసార్లూ రేకలన్నీ పాన్‌కే అంటుకుపోయి, ముద్ద మాత్రం ఊడి వచ్చిందట. "నాకే చేతకావడం లేదేమో మేడమ్" అన్నారు. పాన్‌ని వెలుతురుకు పట్టి చూశాను. రేకల మధ్య గాడుల్లో లేత గోధుమ రంగు పొర ఒకటి పేరుకుని ఉంది. గోటితో గీకితే జిగురుగా వచ్చింది. ఆవిడ చేతిలో లోపమేమీ లేదు. ఆవిడకు ఎవరో చెప్పిన మాటల్లో ఉంది.

అపోహ: డిజైన్ ఎంత సన్నగా ఉంటే కేక్ అంత అందంగా వస్తుంది.

షాపులో పాన్‌ని బోర్లించి చూపిస్తారు. పైమెరుపు చూసి కొనేస్తాం. కానీ కేక్‌కు రూపం వచ్చేది లోపలి వైపు నుంచి. పాన్‌ని వెల్లకిలా తిప్పి, గాడిలో చూపుడు వేలు పెట్టి అంచు నుంచి అడుగు దాకా జరపండి. వేలు ఎక్కడా తట్టుకోకపోతే కేక్ కూడా తట్టుకోకుండా వస్తుంది. వేలి కొస పట్టని సందుల్లోకి నెయ్యి రాసే బ్రష్ వెళ్లదు. అక్కడికి దూరిన బ్యాటర్ (కలిపిన కేక్ పిండి), కేక్ మధ్యభాగం ఉడికేలోపే ఎండిపోయి తెగిపోతుంది. మొదటిసారి కొనేవాళ్లకు మెలి తిరిగిన వెడల్పాటి గాడుల పాన్ తీసుకోమంటాను. కోట బురుజులు, పూల గుత్తులు ఉన్న పాన్‌లు చేయి తిరిగాక కొనుక్కోవచ్చు.

ఇంకో మాట. గీతలు స్పష్టంగా నిలిచేది పౌండ్ కేక్ లాంటి దట్టమైన కేక్‌లోనే. మెత్తటి స్పాంజ్‌లో ఎంత ఖరీదైన డిజైనైనా చెరిగిపోతుంది. టూటీ ఫ్రూటీ, జీడిపప్పు వేసేటట్లయితే ముందు ముక్కలు కలపని బ్యాటర్ రెండు గరిటెలు పోసి గాడులు నింపండి. మిగతా బ్యాటర్‌లో ముక్కలు కలిపి దాని మీద పోయండి.

అపోహ: నాన్‌స్టిక్ పాన్‌కు ఏమీ రాయక్కర్లేదు, మరీ అనుమానంగా ఉంటే నూనె స్ప్రే చాలు.

ఆ గులాబీ పాన్‌కు జరిగింది ఇదే. చాలా స్ప్రేలలో నూనెతో పాటు లెసిథిన్ అనే కొవ్వు పదార్థం ఉంటుంది. అది వేడికి గట్టిపడి, ప్రతిసారీ ఒక పొర చొప్పున గాడుల్లో పేరుకుంటుంది. చివరికి నాన్‌స్టిక్ పూత ఆ పొర కిందే ఉండిపోతుంది. వెన్న కూడా అంత మంచిది కాదు. అందులో నీరు, పాల పదార్థం ఉంటాయి, ఆ పాల పదార్థమే అంటుకుంటుంది. అవి రెండూ పోయేదాకా కాచిన నెయ్యి మన వంటింట్లోనే ఉంది కదా! రెండు చెంచాల నెయ్యిలో ఒక చెంచా మైదా కలిపి, బ్రష్‌తో ప్రతి గాడికీ, నడిమి గొట్టానికీ పట్టించండి. చాక్లెట్ కేక్‌కైతే మైదా బదులు కోకో పొడి వేయండి, తెల్ల మచ్చలు పడవు. బ్యాటర్ సిద్ధమయ్యాకే రాయండి. ముందే రాసి పెడితే నెయ్యి జారి అడుక్కి చేరుతుంది.

అపోహ: పెద్ద పాన్ కొంటే అన్నిటికీ పనికొస్తుంది.

ఈ మాట నమ్మి కొన్న పాన్‌లు ఎన్ని ఇళ్లలో అటకెక్కాయో చూశాను. మామూలుగా దొరికేది 10 నుంచి 12 కప్పుల పాన్, అంటే సుమారు రెండున్నర లీటర్లు. చిన్న ఓటీజీలో (ఇంట్లో వాడే కరెంటు ఓవెన్‌లో) అది పట్టినా పైభాగం కడ్డీలకు దగ్గరై మాడిపోతుంది. కొనేముందు టేపుతో ఓవెన్ లోపల కొలవండి. పాన్ చుట్టూ కనీసం రెండు వేళ్ల ఖాళీ ఉండాలి. ఇంటికి 6 కప్పుల పాన్ చాలు. పావు కిలో మైదా, అంతే వెన్న, అంతే పంచదార, నాలుగు గుడ్లతో చేసిన బ్యాటర్ దాంట్లో ముప్పాతిక వంతు దాకా వస్తుంది. అంతకు మించి నింపకండి. పాత పాన్ కొలత తెలియకపోతే గ్లాసుతో నీళ్లు పోసి లెక్కపెట్టుకోండి.

అపోహ: బండ్ట్ పాన్ జర్మనీలో పూర్వం నుంచీ ఉన్నదే.

ఆకారం పాతదే. జర్మనీ, ఆస్ట్రియాల్లో గుగెల్‌హుప్ఫ్ అని చేసేవారు. ఈ పేరుతో పోత అల్యూమినియం పాన్ వచ్చింది మాత్రం అమెరికాలో. 1950లో మినియాపొలిస్‌లోని హడాసా అనే యూదు మహిళా సంఘం సభ్యులు కొందరు అడిగితే వంటపాత్రలు చేసే నార్డిక్ వేర్ సంస్థకు చెందిన డేవిడ్ డాల్క్విస్ట్ తయారుచేశారు. 1966లో పిల్స్‌బరీ అనే పిండి కంపెనీ పెట్టిన బేకింగ్ పోటీలో ఎల్లా హెల్ఫ్రిచ్ దాంట్లో చేసిన చాక్లెట్ కేక్ రెండో బహుమతి గెలిచాకే దాని పేరు మారుమోగింది.

పోత అల్యూమినియం అన్నది గుర్తుపెట్టుకోండి. దళసరిగా ఉంటుంది కాబట్టి వేడి అన్ని వైపులా సమంగా పాకుతుంది. పల్చటి రేకు పాన్‌లో ఒక పక్క మాడి ఒక పక్క తెల్లగా ఉంటుంది. సిలికాన్‌లో కేక్ తేలిగ్గానే ఊడుతుంది కానీ ఆ ఎర్రటి పైపొర రాదు. లోపల నల్లగా ఉన్న పాన్ అయితే 180 డిగ్రీలకు బదులు 165 పెట్టండి.

అపోహ: పూర్తిగా చల్లారాక తీస్తేనే కేక్ విరగదు.

చల్లారితే నెయ్యి, పంచదార గట్టిపడి పాన్‌ని పట్టేస్తాయి. వేడివేడిగా తీస్తే విరుగుతుంది. పది నిమిషాలు ఆగండి, ఎగ్‌లెస్ కేక్ అయితే పదిహేను. ఆ తర్వాత పాన్‌ని రెండు చేతులతో పట్టుకుని మెల్లగా అటూ ఇటూ కదపండి. లోపల కేక్ విడిపోయి కదిలితే ఆ బరువు చేతికి తెలుస్తుంది. అప్పుడే బోర్లించండి. ఆ గులాబీ పాన్‌ని వేడి సబ్బునీళ్లలో నానబెట్టి, మెత్తటి టూత్‌బ్రష్‌తో ఓపిగ్గా కడిగాక, మర్నాటి క్లాసులో ఆవిడ చేతే ఇలా చేయించాను. ఒక్క రేక కూడా పాన్‌లో మిగల్లేదు.