ఇంగ్లండ్ పల్లె చర్చిలు: దయచేసి ఆ పూత గీకకండి

పాత చర్చిల మరమ్మతు నా పని. చూడ్డానికి వచ్చేవాళ్లు చెప్పే కథల్లో చాలావాటి వల్ల గోడలకు నష్టం లేదు, రెండు మాత్రం నిజంగా చెడగొడతాయి కాబట్టి వాటితోనే మొదలుపెడతాను.

అపోహ: పాత చర్చి అంటే పూత లేని రాతిగోడ, అదే దాని అసలు అందం.

వాస్తవం: మధ్యయుగంలో ఆ గోడలకు లోపల సున్నం పూసి, తీర్పు దినం, సెయింట్ క్రిస్టఫర్ లాంటి బొమ్మలు రంగుల్లో వేసేవారు. 1547లో ఆరో ఎడ్వర్డ్ రాజయ్యాక, చర్చిలో ఇలాంటి బొమ్మలు విగ్రహారాధనే అంటూ వాటి మీద వెల్ల వేయించారు. చిత్రమేంటంటే, చాలాచోట్ల బొమ్మల్ని కాపాడింది ఆ వెల్లే! విక్టోరియా కాలంలో అసలు రూపం తెస్తామంటూ పూత గీకేశారు, దాంతోపాటే ఎన్నో బొమ్మలు పోయాయి. ఇలాంటి పనులు ఆపాలనే కవి, డిజైనర్ విలియం మోరిస్, ఆయన మిత్రులు 1877లో పాత కట్టడాల రక్షణకు సంఘం పెట్టారు. పూత కింద ఎర్ర గీత ఒక్కటి కనిపించినా చెయ్యి ఆపి, తెలిసినవాళ్లను పిలవండి.

అపోహ: రాళ్ల సందుల్లో సిమెంటు పెడితే గోడ గట్టిపడుతుంది.

వాస్తవం: సున్నం చెమ్మను పీల్చి మళ్లీ బయటికి వదిలేస్తుంది. సిమెంటు వదలదు, నీరు రాయిలోనే ఉండిపోయి చలికి గడ్డకట్టి, మెత్తటి రాయి అయితే పొరలు పొరలుగా ఊడిపోతుంది. సందులో సున్నం రాలితే మళ్లీ నింపుకోవచ్చు, రాయే పోతే ఏం చేస్తాం? ఈ ఒక్క విషయం మీద నేను ఎంతసేపైనా వాదిస్తాను.

అపోహ: రాళ్లు రోమన్లవి, కాబట్టి చర్చి కూడా వాళ్ల కాలానిదే.

వాస్తవం: డరమ్ కౌంటీలోని ఎస్కోంబ్ చర్చి 7వ శతాబ్దంలో కట్టింది, రాళ్లేమో దగ్గర్లోని బించెస్టర్ రోమన్ కోట నుంచి తెచ్చినవి. అసలు చాలా చర్చిలకు ఒకే సంవత్సరం అంటూ ఉండదు. గుండ్రటి నార్మన్ (11–12వ శతాబ్దాల) ఆర్చి పక్కనే ఒకట్రెండు వందల ఏళ్ల తర్వాతి మొనదేలిన ఆర్చి ఉంటుంది. గోడలో అతుకు ఎక్కడుందో వెతకండి, బోర్డు మీది తేదీ కంటే అదే ఎక్కువ చెబుతుంది.

అపోహ: గోడలో కిందగా ఉండే చిన్న కిటికీ కుష్ఠురోగులు పూజ చూడ్డానికి పెట్టింది.

వాస్తవం: దీనికి గట్టి ఆధారం లేదు. లోపల మోగించే గంట బయటికి వినిపించడానికి అన్నది కాస్త నమ్మదగిన వివరణ.

అపోహ: బలిపీఠం ఉన్న భాగం పక్కకు వంగి ఉంటే, అది శిలువ మీద వాలిన క్రీస్తు తలకు గుర్తు.

వాస్తవం: పాత భాగం నిలిచి ఉండగానే దాని చుట్టూ కొత్తది కట్టేవారు, అడ్డంగా పాత గోడ ఉంటే తాడు తిన్నగా లాగి కొలవడం కుదరదు, అందుకే చాలాసార్లు ఆ వంకర.