చలి ఓడించిందట! జర్మన్ సైన్యం గురించి అపోహలు - వాస్తవాలు

పోయిన వారం టెస్ట్ పేపర్లు దిద్దాను. 1941లో సోవియట్ యూనియన్ మీద జర్మనీ దాడి ఎందుకు విఫలమైందన్నది ప్రశ్న. ముప్పై రెండు మందిలో ఇరవై ఆరుగురు మొదటి వాక్యమే ‘తీవ్రమైన చలి వల్ల’ అని మొదలుపెట్టారు. ఆయన్నీ రష్యా చలే ఓడించిందంటూ ఇద్దరు నెపోలియన్‌ని కూడా లాక్కొచ్చారు. పదిహేనేళ్ళుగా గ్రూప్-1, సివిల్స్ పిల్లలకి ప్రపంచ చరిత్ర చెబుతున్నాను, ఈ వాక్యం మాత్రం నన్ను వదలడం లేదు. పిల్లల్ని అనేదేముంది, గైడుల్లో అదే, యూట్యూబ్‌లో అదే.

అపోహ: జర్మన్లను ఓడించింది రష్యా చలి

ముందు తేదీలు చూడండి. దాడి మొదలైంది జూన్ 22న. జర్మన్ సైన్యాధిపతుల్లో ముఖ్యుడు ఫ్రాంజ్ హాల్డర్ జూలై 3న డైరీలో, యుద్ధం రెండు వారాల్లోనే గెలిచేశామని అన్నా అతిశయోక్తి కాదన్నట్టు రాసుకున్నాడు. ఆగస్టు 11కి స్వరం మారింది. శత్రువుకి 200 డివిజన్లు (వేలమంది సైనికులుండే దళాలు) ఉంటాయనుకున్నాం, ఇప్పటికే 360 లెక్క తేలాయి అంటాడు. ఆగస్టులో మంచెక్కడిది? మాస్కో దారిలో ఉన్న ఒక్క స్మోలెన్‌స్క్ దగ్గరే ఎర్రసైన్యం, అంటే సోవియట్ సైన్యం, వాళ్ళని రెండు నెలలు నిలబెట్టింది. నవంబరు 26 నాటికి చనిపోయిన, గాయపడిన, గల్లంతైన జర్మన్లు 7 లక్షల 43 వేల మంది అని అదే డైరీ చెబుతుంది. తూర్పుకి వెళ్ళిన సైన్యంలో దాదాపు నాలుగో వంతు. ఇందులో ఎక్కువ భాగం ఎండల్లోనూ బురదలోనూ పోయినవాళ్ళే. డిసెంబరు 5న మాస్కో దగ్గర సోవియట్ ఎదురుదాడి మొదలయ్యేసరికి ఆ సైన్యం అప్పటికే డొల్ల.

ఇక రెండోది, సరఫరా. జర్మన్ సైన్యం అనగానే కళ్ళ ముందు ట్యాంకులు పరిగెడతాయి. నిజానికి ఆ నూటయాభై చిల్లర డివిజన్లలో పాంజర్ (ట్యాంకు) డివిజన్లు ఇరవై లోపే. ట్యాంకులు మూడున్నర వేలు, గుర్రాలు ఆరు లక్షలు! ఫిరంగుల్ని గుర్రాలే లాగాయి, సైనికుడు నడిచే వెళ్ళాడు. లారీలు ఉన్నాయి కానీ, వాటిలో చాలా భాగం ఫ్రాన్స్‌లో పట్టుకున్నవి, రకరకాల కంపెనీలవి. ఒకదాని బోల్టు ఇంకోదానికి పట్టదు. సరిహద్దు నుంచి సుమారు 500 కిలోమీటర్ల వరకే లారీలతో సరఫరా చేయగలమని వాళ్ళ లెక్కే చెప్పింది. మాస్కో దానికి రెట్టింపు దూరం.

మరి రైళ్ళు? సోవియట్ పట్టాల మధ్య వెడల్పు అప్పట్లో 1524 మిల్లీమీటర్లు, జర్మన్ పట్టాలది 1435. తొమ్మిది సెంటీమీటర్ల తేడా. దీన్ని క్లాసులో చెబితే పిల్లలు ‘ఓస్, ఇంతేనా’ అన్నట్టు చూస్తారు. నాకు అలా అనిపించదు. మా నాన్న గుంతకల్లు లోకో షెడ్డులో ఫిట్టర్. మీటర్ గేజ్, బ్రాడ్ గేజ్ రెండూ కలిసే జంక్షన్ అది. ఒక వ్యాగన్‌లోంచి బస్తా దించి, భుజాన మోసి, పక్క లైన్లో వ్యాగన్‌లోకి ఎక్కించడం చూస్తూ పెరిగాను. ఒక్క గూడ్సు బండి ఖాళీ అయ్యేసరికి హమాలీల వీపులు ఉప్పు తేలేవి. యుద్ధం మధ్యలో, లక్షల మందికి ఆ పని చేయడమంటే ఊహించుకోండి. పట్టాని జరిపి మేకులు కొట్టడం తేలికే. సోవియట్ ఇంజిన్లు పెద్దవి కాబట్టి నీళ్ళ స్టేషన్లు దూరదూరంగా ఉండేవి, అంత దూరం జర్మన్ ఇంజిన్లో నీళ్ళు చాలవు. అసలు తలనొప్పి అది.

చలి బట్టలే తీసుకెళ్ళలేదని అంటారు కదా. సరిపడా కాకపోయినా బట్టలు సిద్ధం చేశారు. అవి పోలండ్‌లో ఆగిపోయాయి. వచ్చే కొద్దిపాటి రైళ్ళలో కోట్లు ఎక్కించాలా, పెట్రోలూ గుండ్లూ ఎక్కించాలా అంటే రెండోదే ఎంచుకున్నారు.

నవంబరు 13న, ఇప్పటి బెలారస్‌లో ఉన్న ఓర్షా అనే ఊళ్ళో హాల్డర్ సైన్యాల ముఖ్య అధికారుల్ని పిలిచి కూర్చోబెట్టాడు. మాస్కో మీదికి ఇంకో అడుగు వేయాలా, ఉన్నచోట ఆగాలా అన్నది చర్చ. చాలామంది ఆగుదామన్నారు. అయినా ముందుకే అని తేలింది. అదే సమావేశంలో సరఫరాల అధిపతి ఎడువార్డ్ వాగ్నర్ ఇంకో మాట చెప్పాడు. పని చేయలేని యుద్ధఖైదీలు ఆకలితో చావాల్సిందే అని.

చలి కథ నాకెందుకు కోపం తెప్పిస్తుందంటే ఇందుకు. దాడికి ముందే, మే 2న బెర్లిన్‌లో అధికారులు కూర్చుని, సైన్యం తిండి అంతా రష్యా నుంచే రావాలి, అప్పుడు అక్కడ కోట్లాది మంది పస్తులతో పోతారు అని రాసిపెట్టుకున్నారు. జర్మన్లకు చిక్కిన సోవియట్ ఖైదీలు దాదాపు 57 లక్షలు, చనిపోయినవాళ్ళు 33 లక్షలు. అందులో 20 లక్షల మంది 1942 ఫిబ్రవరి లోపే. ఆ ఖైదీల శిబిరాల కాపలా ఎస్.ఎస్. (నాజీ పార్టీ సాయుధ దళం) వాళ్ళది కాదు, చాలావరకు మామూలు సైన్యానిదే. ‘సైన్యం యుద్ధం చేసింది, పాపాలన్నీ ఎస్.ఎస్. చేసింది’ అనే రెండో అపోహ ఇక్కడే కూలిపోతుంది. ఈ ఖైదీలూ చలికే పోయారని రాసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

గెలిచినవాడే చరిత్ర రాస్తాడంటారు. ఇక్కడ ఓడినవాడు రాశాడు. యుద్ధం అయ్యాక హాల్డర్ అమెరికా సైన్యపు చరిత్ర విభాగంలో ఏళ్ళ తరబడి పనిచేశాడు. వందలాది జర్మన్ మాజీ అధికారుల చేత నివేదికలు రాయించారు. 1961లో హాల్డర్‌కి అమెరికా పురస్కారం కూడా ఇచ్చింది. జర్మన్ జనరల్స్ గుడేరియన్, మాన్‌స్టీన్ ఆత్మకథలు రాసుకున్నారు. అన్నింట్లోనూ తప్పు హిట్లర్‌ది, బురదది, చలిది. మాస్కో రికార్డులు తాళాల్లో ఉండిపోయాయి. మన గైడుల వాళ్ళు ఇంగ్లిష్ పుస్తకాల్లోంచి దింపుకున్నది ఈ కథే.

మిగతావి గబగబా. బ్లిట్జ్‌క్రీగ్ (మెరుపు యుద్ధం) అనేది జర్మన్ సైన్యపు అధికారిక సిద్ధాంతం కాదు. 1940లో ఫ్రాన్స్ మీద గెలుపు చూశాక ఆ మాట ప్రపంచమంతా మోగింది. అప్పుడు ఫ్రాన్స్, బ్రిటన్ల ట్యాంకులే ఎక్కువ. మొదటి ప్రపంచ యుద్ధం చివర, 1918లో జర్మన్ సైన్యం ఓడలేదు, సొంత దేశంలోవాళ్ళే వెన్నుపోటు పొడిచారన్నది పచ్చి అబద్ధం. యుద్ధవిరమణ అడగండని సెప్టెంబరు 29న తొందరపెట్టింది సైన్యాన్ని నడిపిన లూడెన్‌డార్ఫే. ఇక మన వేదాలు పట్టుకెళ్ళి రాకెట్లు చేశారనే వాట్సాప్ మెసేజ్ నాకు పంపకండి, దండం పెడతాను. జర్మన్ల వీ-2 రాకెట్‌లో మండింది ఆల్కహాల్, లిక్విడ్ ఆక్సిజన్. దాన్ని తయారు చేస్తూ సొరంగాల్లో చచ్చిపోయిన ఖైదీలు, అది పడి చచ్చిపోయిన వాళ్ళకంటే ఎక్కువ.

మొన్న రాత్రి పదకొండింటికి కర్నూలు నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. "సార్, మీరు చెప్పినట్టు రాస్తే, గైడులో లేదని మార్కులు తీసేస్తారేమో" అంది. మూడో అటెంప్ట్, టెన్షన్ ఉండదా మరి. చలిని కొట్టేయొద్దమ్మా, చివరి కారణంగా ఒక్క వాక్యం రాయి, పైన నష్టాల లెక్క, సరఫరా, ఎర్రసైన్యం ప్రతిఘటన రాయి అన్నాను. ఏ ఎగ్జామినరూ దానికి మార్కు కోయడు.

ఆ ఒక్క వాక్యంలో ఏం రాయాలో నాకు చెప్పింది మా నాన్న. జర్మన్ ఇంజిన్లకి నీటి గొట్టాలు బాయిలర్ బయట ఉండేవని, మాస్కో దారిలో అవి గడ్డకట్టి పగిలి చాలా ఇంజిన్లు మూలపడ్డాయని ఒకసారి చదివి వినిపించాను. ఆయన కళ్ళజోడు తీసి, "పైపులు బయటపెట్టి అంత చలి దేశానికి ఎట్లా తోలినార్రా? షెడ్డులో ఒక్కడన్నా చెప్పలేదా?" అన్నాడు. ఎవరైనా పేపర్లో ఆ పైపుల సంగతి రాస్తే, చలికి కూడా మార్కు వేస్తాను.